శీతకాలములో వాడకుండ నిలిపిన కారు - దాని సంరక్షణ

వానాకాలపు వరి ఇల్లు చేరి, యాసంగి నారుమళ్ళు పోయు దినములు వచ్చినవనగా రైతు పొలము విడిచి కదలుటకు వీలుండదు. అట్టి రైతులలో పలువురు నేడు పిల్లల చదువుల కొరకును, పోటీ పరీక్షల కొరకును హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతములలో ఇల్లు తీసికొని ఉంచుచున్నారు. కారు ఆ ఇంటి కింది సెల్లారులోనో, సందులో గోడ వారనో ఉండిపోవును. కార్తీకములో నిలిపిన బండిని సంక్రాంతికి ఊరికి తీయబోయి తాళము తిప్పినచో ‘టక్’ మను చప్పుడు తప్ప ఇంజను పలుకదు. పండుగ ప్రయాణము ఆగినను సరిపెట్టుకొనవచ్చును. అర్ధరాత్రి వేళ ఇంటిలోని పెద్దలకు గుండె నొప్పి వచ్చినప్పుడు ఇట్లు జరిగినచో ఆ నష్టము రూపాయలతో కొలుచునది కాదు.

ఇట్టి చిక్కు చలి వలననే వచ్చినదని చాల మంది తలంతురు. అది సగము నిజము మాత్రమే. 2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ విధించినప్పుడు నగరములోని కార్లు నెలల తరబడి కదలలేదు. అది నడి వేసవి. చలి అన్న మాటయే లేదు. అయినను తిరిగి తీయునప్పటికి ఎన్నో బండ్ల బ్యాటరీలు చచ్చిపడి ఉండెను. కావున కారును చెడగొట్టునది ముఖ్యముగా కదలకుండుటయే. నిలిచిన బండిలో విద్యుత్తు తరుగును, తేమ చేరును, ఎలుకలు చేరును. చలి ఈ లోపములను బయట పెట్టును. నీరు గడ్డకట్టునంతటి చలి గల చోట మాత్రము చలియే స్వయముగా యంత్రమును పగులగొట్టును. ఈ రెండు సంగతులను వేరు చేసి తెలిసికొన్నచో ఎక్కడ ఏమి చేయవలెనో తేలికగా బోధపడును.

మన చలి ఎంతటిది?

నారాయణగూడలో జనవరి నెల రాత్రులు సాధారణముగా 15 సెంటీగ్రేడు డిగ్రీలకు అటు ఇటుగా ఉండును. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8వ తేదీ నాటి మాట. నీరు గడ్డకట్టుటకు సున్నా డిగ్రీ కావలెను. కావున నగరములో నిలిపిన కారు రేడియేటరులో నీరు గడ్డకట్టునేమో అను భయము అక్కరలేదు.

ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట ఏటేటా చూచుచున్నాము. ఆంధ్రప్రదేశములోని చింతపల్లి, లంబసింగి ప్రాంతమున కొన్ని రాత్రులు సున్నా సమీపమునకు కూడ వచ్చును. ఇచ్చట పైరు పెంచు రైతుకు తెలిసిన విషయమొకటి కలదు. ఆకాశము నిర్మలముగా ఉండి, గాలి కదలని రాత్రి నేల తన వేడిని పైకి విడిచివేయును. అప్పుడు గడ్డి పరకపై ఉండు ఉష్ణోగ్రత, నాలుగడుగుల ఎత్తున నీడ పెట్టెలో కొలిచిన ఉష్ణోగ్రత కంటె కొన్ని డిగ్రీలు తక్కువగా ఉండును. అందుచేతనే వార్తలలో మూడు డిగ్రీలని చెప్పిన నాడు కూడ గడ్డిపై మంచు గడ్డకట్టి కనిపించును. ఆరుబయట నిలిపిన కారు పైకప్పు కూడ ఆ గడ్డి పరక వలెనే చల్లబడి తెల్లవారునప్పటికి నీరు కారుచుండును. చెట్టు కింద గాని, రేకుల కింద గాని నిలిపిన బండిపై ఇంత తేమ దిగదు. కావున మొదటి నియమము ఇది: నిలిపి ఉంచు కారుపై ఏదో యొక కప్పు ఉండవలెను.

సెల్లారు మంచిదే గాని దాని యందు మరియొక ప్రమాదము కలదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వరదలలో నగరమున అనేక సెల్లారులు నీట మునిగినవి. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు పారు నాలా అశోక్‌నగర్ మీదుగానే మూసీకి పోవును. వానలు పూర్తిగా వెనుకబట్టిన తరువాతనే పల్లపు సెల్లారులో బండిని విడిచి పోవుట మంచిది.

బ్యాటరీ: కూర్చుని తిను కుండ

కూర్చుని తినిన కొండలైనను తరుగునని సామెత. నిలిచిన కారు బ్యాటరీకి ఈ మాట అక్షరాల వర్తించును. తాళము తీసి జేబులో వేసికొన్నను, గడియారము, దొంగల అలారము, దూరము నుండి తలుపు తెరచు యంత్రము మొదలగునవి కొద్ది కొద్దిగా విద్యుత్తును వాడుచునే ఉండును. నేటి కార్లలో ఇది సాధారణముగా 20 నుండి 50 మిల్లీ ఆంపియర్ల వరకు ఉండును.

లెక్క వేసి చూతము. 30 మిల్లీ ఆంపియర్ల చొప్పున దినమునకు 0.72 ఆంపియర్-గంటలు ఖర్చగును. 30 దినములకు 21.6 ఆంపియర్-గంటలు. చిన్న కార్లలో తరచుగా ఉండు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. అనగా ఒక్క నెలలోనే గాదెలో సగమునకు మించి ఖాళీ యగును. రెండవ నెల ముగియు లోపల గాదె అడుగు కనిపించును.

చలి ఇందులో రెండు విధముల పని చేయును. చల్లని చోట బ్యాటరీ తనంతట తాను దిగిపోవుట నెమ్మదించును. విత్తనము చల్లని చోట ఎక్కువ కాలము నిలుచునట్లే యిది మనకు మేలు. కాని చలిలో బ్యాటరీ బలము తగ్గును. 27 డిగ్రీల వద్ద నూరు పాళ్ళు పని చేయు బ్యాటరీ సున్నా వద్ద సుమారు 80 పాళ్ళును, సున్నాకు 18 డిగ్రీల దిగువన ఇంచుమించు సగమును మాత్రమే ఇచ్చును. అదే సమయమున ఇంజను ఆయిలు చిక్కబడి ఇంజనును తిప్పుట బరువగును. ఎద్దు నీరసించిన నాడే బండి బరువు పెరిగినట్లు ఇది జరుగును.

దిగిపోయిన బ్యాటరీని అట్లే విడిచినచో లోపలి పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి మరల చార్జి ఎక్కనీయదు. కావున నిలుపుటకు ముందే ఈ పనులు చేయవలెను.

1. బ్యాటరీని పూర్తిగా చార్జి చేయవలెను. మంచి చార్జి గల బ్యాటరీ విశ్రాంతి స్థితిలో వోల్టు మీటరుపై 12.6 వోల్టులు చూపును. 12.2 వోల్టులు చూపినచో సుమారు సగము మిగిలినదని తెలియవలెను. 12 వోల్టులకు దిగినచో ఆలస్యము చేయరాదు.

2. మూడు వారములకు మించి బండి కదలనిచో బ్యాటరీ తీగ విప్పి ఉంచవలెను. మొదట నెగెటివ్ తీగనే విప్పవలెను. మరల బిగించునప్పుడు దానిని చివర బిగించవలెను. పాజిటివ్‌ను ముందుగా విప్పబోయినచో పానా పొరపాటున కారు ఇనుమునకు తగిలి నిప్పులు రాలును.

3. తీగ విప్పిన తరువాత రిమోటు పని చేయదు. కొన్ని కార్లలో డిక్కీ కూడ తెరుచుకొనదు. కావున తలుపు తాళపు చెవిని బయట ఉంచుకొని, కంపెనీ వారిచ్చిన పుస్తకములో ఈ విషయమును ముందుగా చదువవలెను.

4. నీరు పోయు రకపు బ్యాటరీ అయినచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు, కుళాయి నీరు పోయరాదు. వాని యందలి లవణములు పలకలను చెరచును.

5. కొసలపై తెల్లగా, పచ్చగా చేరిన పొక్కును వంట సోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి ఆరబెట్టి, కొద్దిగా వాజలీను పూయవలెను. సోడా నీరు బ్యాటరీ లోపలికి పోరాదు.

చార్జి అగునప్పుడు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పు తగిలినచో పేలును. గాలి ఆడు చోట చార్జి చేయవలెను. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు.

రేడియేటరులో నీరా, కూలెంటా?

నీరు గడ్డకట్టునప్పుడు సుమారు 9 శాతము ఉబ్బును. ఇంజను లోపలి సన్నని దారులలో ఉన్న నీరు గడ్డకట్టినచో పోత ఇనుమునైనను చీల్చును. పైరు ఆకులలోని రసము గడ్డకట్టి కణములు చిట్లి ఆకు మాడినట్లు కనిపించుటకు కూడ ఇట్టి బలమే ఒక కారణము.

నారాయణగూడలో ఈ భయము లేకున్నను వట్టి నీరు మాత్రము పోయరాదు. ఎందుకనగా కదలని నీరు ఇనుమును తుప్పు పట్టించును. బోరు నీరైనచో గొట్టములలో సున్నపు పొర పేరుకొనును. కూలెంటులో గడ్డకట్టనీయని గ్లైకాలుతో పాటు తుప్పును ఆపు మందులు కూడ ఉండును. సగము నీరు, సగము ఎథిలీను గ్లైకాలు కలిపిన ద్రవము సున్నాకు సుమారు 37 డిగ్రీల దిగువ వరకు గడ్డకట్టదు. ఎక్కువ పోసిన ఎక్కువ మేలనుకొనరాదు. నీరు కలపని వట్టి గ్లైకాలు సున్నాకు 13 డిగ్రీల దిగువననే గడ్డకట్టును. ఎరువుకైనను, మందుకైనను మోతాదు ఉన్నట్లే దీనికిని మోతాదు కలదు. కలిపి అమ్మునది కొన్నచో మరల నీరు కలుపనక్కరలేదు. డబ్బాపై వ్రాసినది చదివి పోయవలెను.

ఒక హెచ్చరిక: ఈ ద్రవము తియ్యగా ఉండు విషము. కింద ఒలికినచో కుక్కలు, దూడలు నాకును. పసిపిల్లలు నోట పెట్టుకొందురు. ఒలికిన చోటును వెంటనే కడుగవలెను. పాత కూలెంటును కాలువలో పోయరాదు. మెకానికు షాపునకు అప్పగించవలెను. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు.

ఇంధనము

మన చెరకు, మొక్కజొన్న, బియ్యము నుండి తీసిన ఇథనాలును నేడు పెట్రోలులో కలుపుచున్నారు. 2025 నాటికి దేశమున ఈ కలుపు 20 శాతమునకు చేరినది. రైతుకు ఇది మేలైన మార్కెట్టు. కాని నిలిచిన కారు విషయములో ఒక జాగ్రత్త అవసరము. ఇథనాలు నీటిని పీల్చుకొను గుణము గలది. ట్యాంకులో ఖాళీ ఎక్కువ ఉన్నచో పగలు వెచ్చబడి, రాత్రి చల్లబడు గాలిలోని తేమ అందులో చేరును. చలి పెరిగిన కొలది ఈ మిశ్రమము నీటిని పట్టియుంచు శక్తి తగ్గును. తేమ హద్దు మీరినచో ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడివడి అడుగునకు దిగును. ఇంజను తొలుత పీల్చునది ఆ అడుగు ద్రవమునే.

కావున నిలుపుటకు ముందు ట్యాంకును దాదాపు నిండుగా ఉంచవలెను. పంపు తనంతట తాను ఆగిన చోటనే ఆపవలెను, మూతి వరకు నింపరాదు. పెట్రోలును మూడు నెలలకు మించి పాతబడనీయకుండుట మేలు. డబ్బాలలో పెట్రోలు తెచ్చి ఇంటిలో దాచుట అగ్ని ప్రమాదమునకు దారి.

డీజిలు సంగతి వేరు. చలికి డీజిలులోని మైనము పూసలు కట్టి ఫిల్టరును మూసివేయును. భారత ప్రమాణముల ప్రకారము ఫిల్టరు మూసుకొను ఉష్ణోగ్రత వేసవి డీజిలుకు 18 డిగ్రీలకును, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అమ్ము శీతకాలపు డీజిలుకు 6 డిగ్రీలకును మించరాదు. సెప్టెంబరులో నింపిన డీజిలుతో ఆదిలాబాదు వైపు చలి రాత్రులలో బండిని నిలిపినచో తెల్లవారుజామున ఇంజను మొరాయించవచ్చును. నవంబరు తరువాత కొత్త డీజిలు పోయించి, పదిహేను నిమిషములు నడిపి నిలిపినచో ఈ చిక్కు చాలవరకు తప్పును. లడఖ్ వంటి చోట్ల ఇదియు చాలదు. అందు కొరకు 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నాకు 33 డిగ్రీల దిగువ వరకు పారు ప్రత్యేకపు డీజిలును అక్కడ ప్రవేశపెట్టినది.

టైర్లు, బ్రేకులు

ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారి టైరులో ఒక పౌను గాలి తగ్గును. ఇది గాక నెల నెలా కొంత గాలి సహజముగనే దిగును. గాలి తగ్గిన టైరుపై బండి బరువు ఒకే చోట ఆనుటచే అచ్చట చదును పడును. నిలుపుటకు ముందు పుస్తకములో చెప్పినంత గాలి నిండుగా కొట్టించవలెను. స్టెప్నీని మరువరాదు. వీలైనచో పదిహేను దినములకొకసారి బండిని ఒక అడుగు ముందునకో వెనుకకో జరిపి, టైరు ఆను చోటును మార్చవలెను.

బండి కడిగిన వెంటనే హ్యాండు బ్రేకు లాగి నెలల తరబడి విడిచినచో తడి ఆరక, బ్రేకు చెక్కలు డ్రమ్మునకు తుప్పుతో అంటుకొనును. తరువాత బండి కదలదు. కావున కడిగిన పిదప కొద్ది దూరము నడిపి, బ్రేకు పలుమార్లు నొక్కి, ఆ వేడితో తడిని ఆరగొట్టవలెను. సమతలమైన చోట నిలిపి, గేరులో ఉంచి, చక్రముల ముందు వెనుకల చెక్క దిమ్మలు పెట్టవలెను. హ్యాండు బ్రేకును వదలి ఉంచవచ్చును. ఎద్దుల బండి చక్రమునకు రాయి అడ్డు పెట్టు పద్ధతియే ఇది. వాలు గల చోట మాత్రము బ్రేకు వదలరాదు.

తేమ, కప్పు గుడ్డ, ఎలుకలు

పచ్చి ధాన్యపు రాశిపై ప్లాస్టిక్ పరదా కప్పినచో ఏమగునో రైతుకు చెప్పనక్కరలేదు. లోపలి తేమ బయటకు పోలేక గింజ ముక్కిపోవును. కారుపై ప్లాస్టిక్ పట్టా కప్పినను అదే జరుగును. గాలి ఆడు నేత గుడ్డ కప్పు శ్రేష్ఠము. కప్పుటకు ముందు బండిని కడిగి, నీడన పూర్తిగా ఆరనీయవలెను. పక్షి రెట్ట, చెట్ల బంక ఉండనీయరాదు. అవి రంగును తినును. లోపలి చాపలు తీసి ఎండలో వేసి, పొడిగా ఉన్నవని చూచి మరల పరచవలెను.

ఎలుక గరిసెను వెదకినట్లే వెచ్చని బానెట్టును వెదకును. తీగలను కొరుకుట దానికి వాడుక. ఒక తీగ తెగినచో మరమ్మతు వేల రూపాయలకు పోవచ్చును. కారులో పల్లీలు, బిస్కట్లు, అటుకులు, ధాన్యపు సంచులు ఒక్క గింజ కూడ మిగుల్చరాదు. చెత్త కుండీల పక్కన బండి నిలుపరాదు. వారమునకొకసారి బానెట్టు తెరచి చూచు మనిషి ఉండవలెను. గూటి పుల్లలు, లద్దెలు కనిపించినచో బోను పెట్టవలెను. పిల్లలు తిరుగు సెల్లారులో విషపు ఎర వాడరాదు.

మధ్య మధ్య స్టార్టు చేసి ఉంచిన చాలునా?

చాల మంది పక్కింటి కుర్రవానికి తాళమిచ్చి, “వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపు నాయనా” అని చెప్పి పోదురు. ఈ మేలు నిజమునకు కీడు. ఇంజను తిప్పుటకు బ్యాటరీ ఖర్చు చేసినది ఆ ఐదు నిమిషములలో తిరిగి చేరదు. పైగా ఒక లీటరు పెట్రోలు కాలినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. ఇంజను బాగుగా వేడెక్కనిచో ఆ ఆవిరి పొగగొట్టములోను, ఆయిలులోను నీరై నిలిచి తుప్పు పట్టించును.

తీగ విప్పనిచో పదిహేను దినములకొకసారి బండిని బయటకు తీసి, కనీసము అర గంట నడుపవలెను. సందు చివర వరకు పోయి వచ్చుట చాలదు. నారాయణగూడ నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయము మీదుగా తార్నాక వరకు పోయి వచ్చిన పనికి వచ్చును. ఆ దారిలో పది నిమిషములు ఏసీ వేయవలెను. దాని కంప్రెసరుకు ఆయిలు తగిలి బిగింపులు ఎండకుండును. ఇట్లు నడుపు మనిషి దొరకనిచో తీగ విప్పి, బండిని కదిలింపక ఉంచుటయే మేలు. ఈ రెండింటిలో ఏదో యొకటి పూర్తిగా చేయవలెను.

అన్నిటి కంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. మూసిన సెల్లారులో గాని, తలుపు వేసిన షెడ్డులో గాని ఇంజనును ఆడనీయరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ఆక్సిజను కంటె 200 రెట్లకు మించిన బలముతో అంటుకొని మనిషిని మత్తులోనే చంపును. పాడుబడిన బావిలో దిగుటకు రైతు ఎట్లు వెనుకాడునో, ఇచ్చటను అట్లే వెనుకాడవలెను.

తిరిగి తీయునప్పుడు

పండుగ ముందు రోజున గాక, రెండు మూడు దినములు ముందే బండిని చూడవలెను. కింద ఆయిలు, నీరు కారిన మరకలు ఉన్నవేమో చూడవలెను. బానెట్టు తట్టి తెరచినచో పిల్లి యున్న దూకి పోవును. ఆయిలు, కూలెంటు, బ్రేకు ద్రవము మట్టము సరిచూచి, టైర్లలో గాలి కొట్టించి, చక్రముల దిమ్మలు తీసి, బ్యాటరీ తీగ బిగించి తాళము తిప్పవలెను. సెల్ఫును ఐదారు సెకనులకు మించి నొక్కరాదు. పలుకనిచో అర నిమిషమాగి మరల ప్రయత్నించవలెను. ఇంజను అందుకొన్న తరువాత ఒక నిమిషమాగి, నెమ్మదిగా కదిలించి, మొదటి వంద గజములలోనే బ్రేకు పరీక్షించవలెను.

మరియొక బండి నుండి జంపరు కేబుళ్ళతో విద్యుత్తు తీసికొనవలసి వచ్చినచో వరుస తప్పరాదు. ఎర్ర తీగను మొదట దిగిన బ్యాటరీ పాజిటివ్‌కు, తరువాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించవలెను. నల్ల తీగను మంచి బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, దాని రెండవ కొసను దిగిన బండి ఇంజను ఇనుమునకు, బ్యాటరీకి దూరముగా పట్టించవలెను. చివరి కలయికలో పుట్టు నిప్పు రవ్వ బ్యాటరీ వాయువునకు తగులకుండుటకే ఈ వరుస.

కాగితములు కూడ చూచుకొనవలెను. బండి నిలిచి యుండగా బీమా గడువు తీరిపోవుట కద్దు. గడువు ముగిసిన 90 దినముల లోపల పునరుద్ధరింపనిచో, క్లెయిము లేనందుకు లభించు తగ్గింపు పోవును. కాలుష్య పరీక్ష పత్రము తేదీని కూడ చూడవలెను.

గడ్డకట్టు దేశములలోని మన పిల్లలకు

మన రైతుల పిల్లలు పలువురు అమెరికాలో షికాగో, మినియాపొలిస్, డెట్రాయిట్ వంటి చలి నగరములలో చదువుచు, ఉద్యోగములు చేయుచు ఉన్నారు. డిసెంబరులో ఇంటికి వచ్చి నెల దినములు ఉండి పోదురు. అక్కడ వారి కారు మంచులో నిలిచి యుండును. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల దిగువకు పడిపోయినది. పైన చెప్పిన విషయములలో మనకు సౌకర్యము కొరకైనవి అచ్చట తప్పనిసరి యగును.

ముఖ్యముగా బ్యాటరీ. నిండు చార్జి గల బ్యాటరీలోని ఆమ్లము, అనగా సాంద్రత 1.265 గలది, సున్నాకు 50 డిగ్రీల దిగువన కూడ గడ్డకట్టదు. సాంద్రత 1.200కు దిగినది సుమారు 27 డిగ్రీల దిగువన గడ్డకట్టును. పూర్తిగా దిగి 1.100 అయినది 8 డిగ్రీల దిగువననే గడ్డకట్టి, పెట్టె పగులును. కనుక అచ్చట చార్జి చేయకుండ బండిని విడిచి వచ్చుట బ్యాటరీని పారవేయుటయే. గడ్డకట్టిన బ్యాటరీని చార్జి చేయరాదు, దానికి కేబుళ్ళు తగిలించరాదు. అది పేలవచ్చును. కూలెంటు ఎంత చలికి ఆగునో మెకానికుచే పరీక్షింపించవలెను. అద్దము కడుగు నీటి బదులు గడ్డకట్టని ద్రవము పోయవలెను. హ్యాండు బ్రేకు తీగకు పట్టిన తడి గడ్డకట్టి బిగియును గనుక సమతలమున నిలిపి గేరులో ఉంచవలెను. తిరిగి వచ్చి బండి తీయునప్పుడు ముందుగా పొగగొట్టము చుట్టు మంచును తవ్వి తీయవలెను. అది మూసుకొని యుండగా లోపల కూర్చుని ఇంజను ఆడించినచో విషవాయువు కారులోనికే చేరును. ఈ మాటను ఫోనులో పిల్లలకు తప్పక చెప్పవలెను.

ట్రాక్టరునకు, ఆయిలు ఇంజనుకు

ఇంతవరకు చెప్పినదంతయు పని లేని దినములలో నిలుచు ట్రాక్టరునకును వర్తించును. రేడియేటరులో బోరు నీటికి బదులు కూలెంటు, బ్యాటరీ తీగ విప్పుట, డీజిలు ట్యాంకు నిండుగా ఉంచుట, టైర్లను ఎండ తగులని చోట నిలుపుట ముఖ్యములు. కాలిన పాత ఆయిలులో ఆమ్లము, తేమ చేరి యుండును. అది నెలల తరబడి ఇంజను లోపల నిలిచినచో లోహమును తినును. కనుక ఆయిలు మార్చు సమయము దగ్గరలో ఉన్నచో నిలుపుటకు ముందే మార్చి, కొత్త ఆయిలుతో పది నిమిషములు ఆడించి నిలుపవలెను. నాగలి కర్రులు, రోటవేటరు కత్తులు మట్టి కడిగి, ఆరబెట్టి, వాడిన ఆయిలు పూసి ఉంచినచో తుప్పు పట్టవు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. కప్పు కింద, సమతలమున, నీరు చేరని చోట నిలుపుడు.
2. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, మూడు వారములు మించినచో నెగెటివ్ తీగ విప్పుడు.
3. వట్టి నీరు వలదు. సరియైన పాళ్ళలో కూలెంటు ఉంచుడు.
4. ట్యాంకు నింపుడు. డీజిలు బండికి నవంబరు తరువాతి డీజిలు పోయించుడు.
5. బ్రేకులు ఆరగొట్టి, గేరులో ఉంచి, చక్రములకు దిమ్మలు పెట్టుడు.
6. గాలి ఆడు గుడ్డ కప్పుడు. లోపల తిండి గింజ మిగుల్చకుడు.
7. నడిపినచో అర గంట నడుపుడు. లేనిచో కదిలింపకుడు.
8. మూసిన చోట ఇంజనును ఎన్నడును ఆడింపకుడు.

ఈ పనులన్నిటికి ఒక పూట చాలును. విత్తన బుడ్డలను ఆరబెట్టి, బూడిద కలిపి, మూతి కట్టి దాచు రైతునకు ఇది కొత్త విద్య కాదు. దాచుటకు ముందు చూపిన శ్రద్ధయే తీసిన నాడు మొలక శాతముగా కనిపించును. ఇల్లు కాలునప్పుడు బావి తవ్వబూనుట వలె గాక, బండికి తాళము వేయు నాడే ఈ ఒక్క పూటను కేటాయించినచో అవసరమైన రాత్రి అది మొదటి పిలుపునకే పలుకును.